నడవకుండా గ్రాఫు గీసుకోవడం ఎలా?

డాక్టరుగారు రిపోర్టులు తిరగేసి, కళ్లజోడు పైనుంచి ఓ చూపు చూసి, "రోజూ కాస్త నడవండి" అన్నారా? కంగారుపడి చెప్పులేసుకోకండి. నడిచేవాళ్లకు ఈ దేశంలో కొదవేం లేదు. తెల్లవారకముందే కేబీఆర్ పార్కు గేటు దగ్గర, విశాఖ బీచ్ రోడ్డు మీద, ఊరూరా కాలేజీ గ్రౌండుల్లో గుంపులు గుంపులుగా కనిపిస్తారు. వాళ్లలో ఎంతమంది దగ్గర సొంతంగా రాసుకున్న ఇంటరాక్టివ్ గ్రాఫు ఉంది? లేదు గనక వాళ్లది నడక కాదు, ఊరికే తిరగడం. మీరు సాఫ్ట్‌వేర్ మనిషి. గ్రాఫు సిద్ధమయ్యేదాకా ఒక్క అడుగు కూడా వేయకండి. వేసినా అది లెక్కలోకి రాదు.

ముందు లక్ష్యం ఒకటి కావాలి. పదివేల అడుగులని పెట్టుకోండి. పదివేలే ఎందుకని ఆరా తీయకండి. 1965లో జపాన్‌లో యమాసా అనే కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మకానికి తెచ్చి, దానికి మాన్పో-కేయ్, అంటే పదివేల అడుగుల మీటరు, అని పేరు పెట్టింది. అంకె గుండ్రంగా ఉంది, నోటికి బాగుంది, లోకమంతా పట్టుకుంది. 2019లో హార్వర్డ్ పరిశోధకులు సగటున 72 ఏళ్ల వయసున్న అమెరికా మహిళల నడకను లెక్కగట్టి, రోజుకు 4,400 అడుగులు నడిచేవాళ్లలోనే మరణాల ముప్పు చెప్పుకోదగ్గంత తక్కువగా ఉందనీ, 7,500 దాటాక ఇక పెద్దగా తేడా కనబడలేదనీ ప్రచురించారు. ఇలాంటివి చదవకండి. 4,400 అంటే కూరగాయలకు వెళ్లొచ్చి, సాయంత్రం వీధి చివరిదాకా ఓసారి పోయొస్తే దగ్గరపడే సంఖ్య. అందుబాటులో ఉన్న లక్ష్యం చాలా ఇబ్బంది పెడుతుంది.

ఎర్ర గీత మన చేతిలో ఉండాలి

ఇక పనిముట్టు సంగతి. మీ ఫోను జేబులో పడుండే అడుగులు లెక్కపెడుతుంది, వారానికోసారి బొమ్మ గీసి చూపిస్తుంది కూడా. దాన్ని పట్టించుకోకండి. ఎక్సెల్‌లో తేదీ ఒక కాలమ్, అడుగులు ఒక కాలమ్ వేసి ఇన్సర్ట్ నొక్కితే గ్రాఫు వచ్చేస్తుంది. అంత తేలిగ్గా వచ్చేస్తుంది గనకే వద్దంటున్నాను. ఐదు నిమిషాల్లో గ్రాఫు వచ్చేస్తే ఆరో నిమిషంలో ఏం చేస్తారు? నడవాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది బీమైండర్. 2011లో అమెరికాలో బెథనీ సోల్, డేనియల్ రీవ్స్ అనే ఇద్దరు మొదలుపెట్టిన సేవ ఇది. మీరు చేరాల్సిన దారిని ఒక ఎర్ర గీతగా గీస్తుంది, మీరు రోజూ చేసింది చుక్కలుగా పెడుతుంది. చుక్క గీతకు రావలసిన వైపు కాకుండా అవతలి వైపు పడిందంటే మీ కార్డులోంచి డబ్బు పోతుంది. మొదట ఐదు డాలర్లు, మళ్లీ తప్పితే పది, ఆపైన ముప్ఫై, తొంభై, అలా పెరుగుతూ పోతుంది. అంతవరకైనా సర్దుకోవచ్చు. అసలు దుర్మార్గం ఇంకొకటుంది. గీతను కష్టతరం చేసుకోవాలనుకుంటే వెంటనే చేసుకోవచ్చు. తేలిక చేసుకోవాలంటే మాత్రం, ఈరోజు మార్చిన మార్పు వారం తర్వాతే అమల్లోకి వస్తుంది. అక్కడి గ్రాఫు ఎడిటర్‌లో గీతను మౌస్‌తో పట్టుకుని లాగే వీలుంది కానీ, ఈ ఏడు రోజుల వ్యవధిలో దాన్ని మీకు అనుకూలంగా లాగనివ్వదు.

ఆ నిబంధన పెట్టినవాళ్లు మనిషిని బాగా చదివినవాళ్లని ఒప్పుకోక తప్పదు. వచ్చే వారం సంగతి అడిగితే ఎవరైనా పెద్దమనిషిలాగే మాట్లాడతారు. దుప్పటి లాక్కునేది ఈరోజు పొద్దునే. ఈరోజు పొద్దున్న మన చేతికి అధికారం లేకుండా చేసేసి, వచ్చే వారానికి ఎంత కావాలంటే అంత ఇస్తే మనకేం లాభం?

అందుకే సొంతంగా రాసుకోండి. జావాస్క్రిప్ట్‌లో రాసుకుంటే గీత మనది, మౌస్ మనది, నియమం మనది. ఇంటరాక్టివ్ అన్న మాటకు మనం చెప్పుకోవలసిన అర్థం ఇదీ: రాత్రి పదకొండున్నరకు 2,300 అడుగులు మాత్రమే అయ్యాయని తేలినప్పుడు, పదివేల దగ్గరున్న ఎర్ర గీతను పట్టుకుని 2,200 దగ్గరికి దించే వీలుండాలి. దించాక చుక్క పచ్చగా మారాలి. ఆ మారడం కాస్త నెమ్మదిగా, 600 మిల్లీసెకన్ల యానిమేషన్‌తో మారితే మనసుకు హాయిగా ఉంటుంది. పాత గీత ఎక్కడుండేదో గుర్తు మిగలకుండా చూసుకోండి. మార్పుల చరిత్ర దాచే ఏర్పాటు ఒక్క సాయంత్రం పని, అయినా జోలికి పోవద్దు. జరిమానా ఉంటే బాగుంటుందని ఇంట్లో ఎవరైనా సలహా ఇస్తే కాదనకండి. వసూలు చేసే బాధ్యత మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

లైబ్రరీ దగ్గర తొందరపడొద్దు

ఛార్ట్‌జేఎస్ అని ఒకటుంది. తేదీలు, అంకెలు ఇస్తే పదిపదిహేను లైన్ల కోడ్‌లో కాన్వాస్ మీద గీత గీసిపెడుతుంది, మౌస్ పెడితే విలువ చూపిస్తుంది. ఎక్సెల్ విషయంలో చెప్పినదే దీనికీ వర్తిస్తుంది.

మీకు డీత్రీ కావాలి. 2011లో స్టాన్‌ఫర్డ్‌లో మైక్ బోస్టాక్, వాడిమ్ ఒగియెవెట్‌స్కీ, జెఫ్రీ హీర్ తెచ్చిన లైబ్రరీ. ప్రపంచంలోని పెద్ద పెద్ద పత్రికలు ఎన్నికల మ్యాపులు గీసుకోవడానికి వాడినది. మీ సాయంత్రపు నడకకు అంతకంటే తక్కువది వాడితే నడకకు అవమానం. పైగా డీత్రీ గ్రాఫు ఇవ్వదు. గ్రాఫు కట్టుకోవడానికి ఇటుకలిస్తుంది. అక్షం ఎక్కడుండాలి, అంకెలు ఎంతెంత దూరంలో ఉండాలి, అంచుల్లో ఖాళీ ఎంత, అన్నీ మీరే తేల్చాలి. నెల గడిచిపోతుంది.

ఉదాహరణలు మాత్రం రకరకాల ఏళ్లవి ఏరుకొచ్చి కలపండి. మూడో వెర్షన్‌లో స్కేల్ పిలిచే పద్ధతి ఒకటి. 2016లో నాలుగో వెర్షన్ వచ్చేసరికి లైబ్రరీని చిన్న చిన్న మాడ్యూళ్లుగా విడగొట్టి పేర్లు మార్చేశారు. 2020లో ఆరో వెర్షన్‌లో, మౌస్ ఎక్కడుందో చెప్పే పాత ఈవెంట్ పద్ధతిని తీసేశారు. అక్షం 2014 నాటి పాఠంలోంచి, డ్రాగ్ 2017 నాటి పాఠంలోంచి, లైబ్రరీ మాత్రం సరికొత్తది తెచ్చుకుంటే, ఎర్ర గీత కదలదు, కన్సోల్‌లో ఎర్ర అక్షరాలు మాత్రం కదులుతాయి. ఏ వెర్షన్‌కు రాసిన పాఠమో ముందు చూసుకుని, ఆ వెర్షన్‌నే పెట్టుకునేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు సాయంత్రాలు ఖాళీ దొరుకుతాయి, ఆ తర్వాత గ్రౌండులో దొరుకుతారు.

ఇంకో వరం కూడా ఉంది. డీత్రీ గీసే ఎస్‌వీజీలో సున్నా పైన ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ కిందికి దిగుతుంది. బడిలో గీసిన గ్రాఫుకు తలకిందులు. అందుకే స్కేల్‌కు పరిధి ఇచ్చేటప్పుడు ఎత్తు ముందు, సున్నా తర్వాత రాయాలి. మీరు సున్నానే ముందు రాయండి. మీరు సోఫాలో పడుకున్న రోజున గీత ఆకాశాన్ని అంటుతుంది. ఇది తెలిశాక కూడా సరిదిద్దాలనిపిస్తే మీ ఇష్టం.

ఇన్‌స్టాలేషన్

ఒక గీత గీయడానికి హెచ్‌టీఎమ్ఎల్ ఫైలు ఒకటి, స్క్రిప్ట్ ట్యాగ్ ఒకటి చాలు. చాలు అన్న మాట మన వృత్తిలో వాడరు. నోడ్ దించండి, ఎన్‌పీఎమ్‌తో మొదలుపెట్టండి, రియాక్ట్ పెట్టండి, రియాక్ట్ వచ్చాక టైప్‌స్క్రిప్ట్ లేకపోతే బాగుండదు, అది వచ్చాక లింటర్ లేకపోతే నలుగురూ నవ్వుతారు, స్టైళ్లకు టెయిల్‌విండ్, పరీక్షలకు ఇంకోటి. నోడ్ మాడ్యూల్స్ అనే ఫోల్డరు నిండాక దాని బరువు చూడండి. తర్వాత దాన్ని యథాతథంగా గిట్‌లోకి ఎక్కించండి. వదిలేయాల్సినవాటి పేర్లు రాసిపెట్టే గిట్‌ఇగ్నోర్ ఫైలు పిరికివాళ్లకు. మీ ఫిట్‌నెస్ ఖాతా టోకెన్ కూడా అదే కోడ్‌లో నేరుగా రాసి పబ్లిక్ రిపాజిటరీలో పెట్టేస్తే, మీరు నడవకపోయినా మీ ఖాతా వాడేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు.

ఇన్ని ప్యాకేజీలు ఎందుకని సణిగేవాళ్లు 2016 మార్చి 22 నాటి కథ చెబుతారు. లెఫ్ట్‌ప్యాడ్ అని 11 లైన్ల ప్యాకేజీ. అక్షరాల వరుసకు ఎడమవైపు ఖాళీలు చేర్చడమే దాని పని. ఒక పేరు మీద వచ్చిన తగాదాలో దాన్ని రాసినాయన విసుగెత్తి తన ప్యాకేజీలన్నీ ఎన్‌పీఎమ్ నుంచి తీసేసుకున్నాడు. దాని మీద ఆధారపడినవాటి మీద ఆధారపడినవాటి మీద ఆధారపడిన వేలాది ప్రాజెక్టులు బిల్డ్ కాకుండా నిలిచిపోయాయి. చివరికి ఎన్‌పీఎమ్ వాళ్లే దాన్ని తిరిగి పెట్టాల్సి వచ్చింది. ఈ కథ విని వెర్షన్లు బిగించే లాక్ ఫైలును భద్రంగా ఉంచుకోవాలని అర్థం చేసుకుంటారు కొందరు. మీరు అర్థం చేసుకోవలసింది వేరు: ఎక్కడో తెలియని దేశంలో ఎవరికో కోపం వస్తే మీకు ఆరోజు నడక మానేందుకు కారణం దొరుకుతుంది. ప్యాకేజీలు ఎన్ని ఎక్కువైతే కారణాలు అన్ని ఎక్కువ. అప్పుడప్పుడు ఆడిట్ నడిపి, హెచ్చరికలు రాగానే ఫోర్స్ అని చేర్చి బలవంతంగా సరిచేయించండి. అది అడక్కుండానే పెద్ద వెర్షన్లు మార్చేస్తుంది.

అన్నీ అయ్యాక ఇండెక్స్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేయండి. తెల్ల పేజీ వస్తుంది. అడ్రసు బార్‌లో ఫైల్ అని మొదలయ్యే దారి ఉంటే బ్రౌజరు మాడ్యూళ్లను లోడ్ చేయనివ్వదు, పక్కనున్న డేటా ఫైలును చదవనివ్వదు. భద్రత కోసం పెట్టిన అడ్డు అది. పైథాన్ ఉంటే ఒక్క ఆదేశంతో 8000 పోర్టు మీద చిన్న సర్వర్ నడిపి, లోకల్‌హోస్ట్ ద్వారా తెరిస్తే పని జరిగిపోతుంది. మీరు అలా చేయకుండా, బ్రౌజరు భద్రత మొత్తం ఆపేసే మార్గం వెతకండి. అదే బ్రౌజరులో తర్వాత బ్యాంకు ఖాతా తెరవండి.

తేదీ: తెల్లవారుజామున లేచేవాళ్లకు హెచ్చరిక

జావాస్క్రిప్ట్‌ను 1995 మేలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేశాడని అందరూ చెప్పుకుంటారు. తేదీల వ్యవహారాన్ని మాత్రం కొత్తగా ఆలోచించే వ్యవధి లేక జావా నుంచి దించుకున్నారు. ఆ దించుకున్నది ఇప్పటికీ మనందరి నెత్తిన ఉంది. ఈ అధ్యాయం ఒక్కటీ వంటబట్టించుకుంటే చాలు, మిగతా చిట్కాలు లేకపోయినా మీ గ్రాఫు ఎప్పటికీ సరిగా రాదు.

నెలలు సున్నాతో మొదలవుతాయి. జనవరి సున్నా, డిసెంబరు పదకొండు. రోజులు మాత్రం ఒకటితోనే మొదలవుతాయి. కాబట్టి 2026, 1, 1 అని ఇస్తే జనవరి 1 రాదు, ఫిబ్రవరి 1 వస్తుంది. జనవరి 31 నాటి నడక అనుకుని 2026, 1, 31 అని ఇచ్చారనుకోండి. అది ఫిబ్రవరి 31 అయింది. ఫిబ్రవరికి 31 లేదని జావాస్క్రిప్ట్ మిమ్మల్ని నొప్పించదు. మర్యాదగా మార్చి 3కి తీసుకెళ్లి కూర్చోబెడుతుంది. తప్పుందని ఒక్క మాట అనదు.

ఇప్పుడు అసలు విందు. ఈరోజు తేదీ కావాలంటే చాలామంది ఇప్పటి సమయాన్ని ఐఎస్ఓ స్ట్రింగ్‌గా మార్చి మొదటి పది అక్షరాలు కత్తిరిస్తారు. చూడ్డానికి శుభ్రంగా ఏడాది, నెల, రోజు వస్తాయి. కానీ ఆ స్ట్రింగ్ మన గడియారాన్ని చూసి రాసింది కాదు, యూటీసీని చూసి రాసింది. మనం దానికి ఐదున్నర గంటలు ముందున్నాం. అంటే మనకు పొద్దున ఐదున్నర అయితే తప్ప అక్కడ తేదీ మారదు. సోమవారం నాలుగున్నరకు లేచి, చీకట్లో కుక్కల్ని తప్పించుకుంటూ గ్రౌండు చుట్టి, ఐదుంబావుకు చెమట తుడుచుకుంటూ ఫోన్లో 6,000 అని ఎక్కించిన మనిషి ఖాతాలో ఆ అడుగులు ఆదివారం కింద పడతాయి. ఆదివారానికి అంతకుముందే ఒక అంకె ఉంటే దాన్ని చెరిపేస్తాయి కూడా. ఎనిమిదింటికి లేచి, కాఫీ తాగి, బాల్కనీలో నాలుగు అడుగులు వేసి నాలుగు అని రాసుకున్నవాడికి మాత్రం తేదీ ఖచ్చితంగా వస్తుంది.

దీన్ని తప్పుగా భావించకండి. పంచాంగం ప్రకారం వారం మారేది సూర్యోదయంతోనే కదా. తెల్లవారుజామున ఐదుంబావు అంటే పంచాంగం లెక్కన ఇంకా ఆదివారమే. కాబట్టి యూటీసీ మన సంప్రదాయాన్నే పాటిస్తోందని ఒక మెసేజ్ తయారుచేసి కుటుంబం గ్రూపులో పెట్టండి. సాయంత్రానికి పది గ్రూపుల్లోంచి తిరిగి మీకే వస్తుంది.

తమ్ముడు డాలస్‌లో ఉన్నాడా? అయితే ఒకే డేటా ఫైలు ఇద్దరూ వాడండి. ఒట్టి తేదీని స్ట్రింగ్‌గా ఇచ్చి చదివిస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. హైదరాబాదులో అది అదే రోజు ఐదున్నర, తేడా కనబడదు. డాలస్‌లో అది చలికాలంలో ముందురోజు సాయంత్రం ఆరు. తేదీ మధ్యలో అడ్డగీతలకు బదులు ఏటవాలు గీతలు పెడితే బ్రౌజర్లు మామూలుగా స్థానిక సమయంగా తీసుకుంటాయి. కనుక మీరు అడ్డగీతలు, తమ్ముడు ఏటవాలు గీతలు వాడితే సంభాషణ ఇలా సాగుతుంది.

"అన్నయ్యా, నువ్వు ఆదివారం నడిచావా?"

"సోమవారం రా."

"గ్రాఫులో ఆదివారం ఉంది."

"నీ గ్రాఫులో. నా గ్రాఫులో సోమవారమే."

"మరి నేను శనివారం నడిచింది నీకెక్కడ పడింది?"

"నువ్వు నడిచావా?!"

డాలస్‌లో ఇంకో సుఖం కూడా ఉంది. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ రోజుకు 25 గంటలు. మర్నాటి తేదీ కోసం అర్ధరాత్రికి 24 గంటల మిల్లీసెకన్లు కలిపితే అదే ఆదివారం రాత్రి పదకొండు దగ్గర ఆగుతుంది. గ్రాఫు మీద ఆదివారం రెండుసార్లు వస్తుంది. మన దగ్గర ఈ సౌకర్యం లేదు. మిల్లీసెకన్లు కలపకుండా రోజు అంకెకే ఒకటి కలిపేవాళ్లకు డాలస్‌లో కూడా లేదు.

నాన్నగారి క్యాలెండర్

ఈ దశలో ఇంట్లో పెద్దవాళ్ల నుంచి ముప్పు ఉంటుంది. వంటగది తలుపు పక్కన మేకుకు వెంకట్రామా వారి క్యాలెండర్ వేలాడుతుంటుంది. దానికి దారం కట్టిన బాల్‌పెన్. తేదీ గడిలో తిథి నక్షత్రాలు పోగా మిగిలిన కాస్త చోటులో పాల ప్యాకెట్లు ఎన్నో రాసి ఉంటుంది, గ్యాసు బండ వచ్చిన రోజున ఒక 'గ్యా' ఉంటుంది. మూలన, ఇంకా చిన్న అక్షరాల్లో, 5, 5, 4, 5, సున్నా, 5. నాన్నగారు గ్రౌండు చుట్టూ తిరిగిన రౌండ్లు. సున్నా దగ్గర 'వాన' అని రాసి ఉంటుంది. ఆయన దాన్ని ఎన్నడూ ఐదుగా దిద్దలేదు, ఎందుకంటే బాల్‌పెన్‌తో రాసింది దిద్దితే తెలిసిపోతుంది.

ఆయన అడుగుతారు: "ఏరా, గ్రాఫు అయిందా?"

"టైమ్‌జోన్‌తో ఇబ్బంది వచ్చింది నాన్నా."

"ఆ గోడ మీద రాసుకోరాదూ?"

ఇక్కడే నిలదొక్కుకోవాలి. క్యాలెండర్ మీద మౌస్ పెడితే విలువ చూపించదు, జూమ్ కాదు, డార్క్ మోడ్ లేదు, అని ఓపిగ్గా వివరించండి. ఆయన విని, తల ఊపి, చెప్పులేసుకుని వెళ్లిపోతారు.

అంకెల్ని అక్షరాలుగా చూడండి

ఉదయం 4000, సాయంత్రం 3500 నడిచారనుకుందాం, ఊహకేం, అనుకోవచ్చు. ఫారం పెట్టెలో టైపు చేసినది జావాస్క్రిప్ట్ చేతికి అంకెగా రాదు, అక్షరాల వరుసగా వస్తుంది. ప్లస్ గుర్తు వేస్తే రెండింటినీ పక్కపక్కన అతికిస్తుంది: 40003500. నాలుగు కోట్ల మూడువేల ఐదువందల అడుగులు! అడుగుకు 70 సెంటీమీటర్లు వేసుకున్నా 28,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతలో మూడింట రెండొంతులకు పైనే, ఒక్కరోజులో. దీన్ని నంబర్‌గా మార్చే ఫంక్షన్ ఒకటుంది, వాడకండి. తమాషా ఏమిటంటే తీసివేత మాత్రం సరిగ్గానే చేస్తుంది. ఎంత నడిచారో తప్పు చెప్పి, ఎంత తగ్గిందో ఒప్పు చెబుతుంది. తీసివేత జోలికి వెళ్లకపోతే సరి.

రికార్డుల పట్టిక కావాలంటే సార్ట్‌కు ఏ నియమమూ ఇవ్వకుండా పిలవండి. అది అంకెల్ని కూడా నిఘంటువు వరుసలోనే పేరుస్తుంది: 10000 ముందు, 2300 తర్వాత, 900 ఆఖరున. 900 నడిచిన రోజు మీ ఉత్తమ దినం అవుతుంది.

గీతకు ఒంపులు

డేటా లేని రోజులకు మూడు దారులున్నాయి. సున్నా వేయొచ్చు, గీత తెంపి ఖాళీ చూపించొచ్చు, లేదా అటూ ఇటూ ఉన్న చుక్కల్ని కలిపేయొచ్చు. మొదటి రెండూ నిజం చెబుతాయి. మూడోదానికి ఏ శ్రమా అక్కర్లేదు: ఖాళీ రోజుల్ని డేటాలో రాయకుండా వదిలేస్తే గీత తనంతట తానే కలిసిపోతుంది. సంక్రాంతికి ముందురోజు 8,000, శివరాత్రి నాడు 7,000 నడిచి మధ్యలో ఏమీ రాయకపోతే, నెల పైచిలుకు కాలం రోజుకు ఏడూ ఎనిమిది వేల మధ్య నిలకడగా నడిచిన ధీరుడి చిత్రం వస్తుంది.

గీతను సాఫీ చేయడానికి డీత్రీలో రకరకాల కర్వులుంటాయి. బేసిస్ అనేది మధ్యలోని చుక్కల మీదుగా పోనే పోదు, పక్కనుంచి సుతారంగా సాగుతుంది. నేచురల్ అనేది చుక్కల మీదుగానే పోతుంది కానీ ఊపు ఆగక అవతలికి దూకుతుంది. 9,000 తర్వాత రెండు సున్నాలొస్తే వాటి మధ్యలో గీత సున్నా కిందికి దిగి, మీరు వెనక్కి నడిచినట్టు చూపిస్తుంది. ఇలా దూకని మోనోటోన్ అనే పద్ధతి కూడా ఉంది, అందులో అందం లేదు.

నిలువు అక్షాన్ని సున్నా నుంచి మొదలుపెట్టకండి. 2,900 నుంచి 3,100 దాకా పెడితే, 2,950 నుంచి 3,050కి పెరగడం ఎవరెస్టు ఎక్కినట్టు ఉంటుంది. అది కూడా వద్దనుకుంటే మొత్తం కూడిక గ్రాఫు గీయండి. జనవరి నుంచి నడిచిన అడుగులన్నీ కలుపుతూ పోయే గీత అది. నెలల తరబడి కదలకపోయినా కిందికి మాత్రం పడదు. దాని పక్కన రోజుకు ఇంత అని ఏటవాలుగా పైకెళ్లే లక్ష్యరేఖ ఉంటే ఎంత వెనకబడ్డారో క్షణంలో తెలిసిపోతుంది. ఆ రేఖను తొలగించేయండి. అంకెల్లో కామాలు లక్షల పద్ధతిలో వచ్చేలా లొకేల్‌ను తెలుగుకు పెట్టుకోండి. ఈ ఒక్కటీ నిజమైన చిట్కా, ఎలా దూరిందో తెలియదు.

దాచుకునే చోటు

డేటాను లోకల్ స్టోరేజ్‌లో పెట్టండి. బ్రౌజరులోనే ఉంటుంది, సర్వర్ అక్కర్లేదు, ఫోన్లో రాసింది ల్యాప్‌టాప్‌లో కనబడదు, కుకీలు, సైట్ డేటా తుడిచేసినప్పుడు దాంతోపాటే పోతుంది. అన్నిటికంటే మంచి గుణం, అది పోర్టు నంబరుతో సహా అడ్రసుకు కట్టుబడి ఉంటుంది. 3000 పోర్టు మీద రాసుకున్న మూడు నెలల చరిత్ర, వీట్ అనే పనిముట్టుకు మారిన రోజున దాని 5173 పోర్టు మీద కనబడదు. పాత పోర్టు మీద తెరిస్తే అన్నీ అక్కడే ఉంటాయి, కానీ అది గుర్తురానివ్వకండి. తెల్లటి గ్రాఫు ముందు కూర్చుని కొత్త జీవితం మొదలైందనుకోండి. వారానికోసారి ఒక జేసన్ ఫైలుగా ఎగుమతి చేసుకునేవాళ్లకు ఒక్క జీవితమే ఉంటుంది.

ఈలోగా గ్రాఫు ఎలా ఉందో చూసుకోవడానికి ర్యాండమ్ అంకెలతో ఏడాది డేటా నింపుకోండి. ఆరువేలకూ పన్నెండువేలకూ మధ్య చక్కగా ఊగుతుంది. స్క్రీన్‌షాట్ తీసి కుటుంబం గ్రూపులో పెట్టండి. అత్తయ్యలు నమస్కారాలు పంపుతారు, బావగారు బొటనవేలు పెడతారు. అది నమూనా డేటా అని చెప్పే సందర్భం దానంతటదే వస్తుందిలెండి.

మొదటి చుక్క

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి గ్రాఫు పనిచేస్తుంది. నమూనా డేటా తీసేస్తారు, ఆ సాయంత్రం ఎవరో ఒకరు ఏదో పనిమీద బయటికి పంపుతారు, 3,120 అడుగులవుతాయి, అదే ఎక్కిస్తారు. సేవ్ నొక్కుతారు. అక్షాలు వస్తాయి, ఎర్ర గీత వస్తుంది, మీ గీత మాత్రం రాదు. రీలోడ్ చేసినా రాదు. కన్సోల్‌లో ఎర్రర్ ఒక్కటీ ఉండదు. డేటా సరిగ్గానే ఉంటుంది, తేదీ సరిగ్గానే ఉంటుంది, స్కేలూ సరిగ్గానే ఉంటుంది. డీత్రీ గీత జనరేటర్‌కు ఒక్క బిందువే ఇస్తే అది అక్కడికి వెళ్లి నిలబడి ఊరుకుంటుంది. పొడవు లేని గీత తెర మీద కనబడదు. రెండో బిందువు ఉంటే కనబడుతుంది. రెండో బిందువు కావాలంటే రేపు కూడా నడవాలని ఎవరికైనా తడుతుంది. మీరు తట్టనివ్వకుండా వెంటనే కూర్చుని, స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్రశ్న రాసి, స్క్రీన్‌షాట్ జతచేసి, జవాబు కోసం ఎదురుచూడండి.